రెస్పెక్ట్ అన్నప్పుడు ఏమంటున్నాం?

అందరికీ నమస్కారం.

"ఆయనంటే నాకు చాలా రెస్పెక్ట్" అని తెలుగులోనే అనేస్తుంటాం. అక్కడది నామవాచకం. అదే మాటను ఇంగ్లీషులో క్రియగా వాడేటప్పుడే తడబాటు మొదలవుతుంది.

మనం గౌరవం ఒకరికి ఇస్తాం. ఆ 'కి' ఇంగ్లీషులోకి 'టు'గా వెంట వచ్చేసి "ఐ రెస్పెక్ట్ టు మై టీచర్" అనిపిస్తుంది. ఆ 'టు' తీసేయండి. "ఐ రెస్పెక్ట్ మై టీచర్", అంతే. ఎందుకో చెప్పాలంటే 'ఫర్' చేర్చాలి: "ఐ రెస్పెక్ట్ హర్ ఫర్ హర్ హానెస్టీ." ఈ అర్థంలో "ఐ యామ్ రెస్పెక్టింగ్ హర్" అనడం మామూలు వాడుక కాదు. అది మనసులో నిలిచి ఉండే భావం, ఈ నిమిషం చేస్తున్న పని కాదు.

వ్యాకరణం కంటే నాకు ముఖ్యమనిపించేది అర్థం. "ఐ రెస్పెక్ట్ యువర్ డెసిషన్" అని ఎవరైనా అంటే ఒప్పేసుకున్నారని సంబరపడతాం. కానీ వాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. నిర్ణయం నచ్చకపోయినా, అది తీసుకునే హక్కు మీదేనని అంటున్నారు. "రెస్పెక్ట్ హర్ ప్రైవసీ" అంటే ఆమె సొంత విషయాల్లో తలదూర్చొద్దని. "రెస్పెక్ట్ ద స్పీడ్ లిమిట్" అంటే ఆ వేగం దాటొద్దని. వీటిలో దండం పెట్టేంత భక్తి ఏమీ లేదు.

ఈ మాట పుట్టిన లాటిన్ క్రియ 'రెస్పికెరె'కు వెనుదిరిగి చూడడం, పట్టించుకోవడం అని అర్థాలు. ఇన్‌స్పెక్ట్, స్పెక్టేటర్ మాటల్లోనూ ఆ 'చూపు' ధాతువే ఉంది. అందుకే రూల్స్ విషయంలో దీనికి 'గౌరవించు' కంటే మన 'లెక్కచేయు', 'ఖాతరు చేయు' దగ్గరగా ఉంటాయి. "ఎవరి మాటా లెక్కచేయడు" అంటాం చూడండి, సరిగ్గా దానికి వ్యతిరేకం.

అడ్మైర్ వేరు. అందులో మెచ్చుకోలు, ముచ్చట ఉంటాయి. మిరకిల్ వచ్చిన మూలం నుంచే అదీ వచ్చింది, ఆశ్చర్యం దాని పుట్టుకలోనే ఉంది. "ఐ డోంట్ లైక్ హిమ్, బట్ ఐ రెస్పెక్ట్ హిమ్" అని ప్రత్యర్థి గురించి నిజాయితీగా అనొచ్చు. ఇష్టం లేకపోయినా అతని సత్తాను గుర్తించడం అది. నాకు ఈ క్రియలో అన్నిటికంటే నచ్చే వాడుక ఇదే.

ఇక "విత్ ఆల్ డ్యూ రెస్పెక్ట్" అని ఎవరైనా మొదలుపెడితే, తర్వాత రాబోయేది దాదాపు ఎప్పుడూ అభ్యంతరమే. పొగడ్త అనుకుని ధన్యవాదాలు చెప్పేయకండి. వాక్యం పూర్తయ్యేదాకా వినండి.