అంతరిక్షంలో కరెంటుకు అంత వేడి ఎందుకు?

[తెరపై: థర్మల్ పవర్ స్టేషన్, కూలింగ్ టవర్లు]

బొగ్గు మండిస్తే వచ్చే వేడిలో సగానికి పైగా కరెంటుగా మారదు. దాన్ని నీళ్లలోకో గాలిలోకో వదిలెయ్యాల్సిందే. మరి అంతరిక్ష నౌక చుట్టూ నీళ్లూ లేవు, గాలీ లేదు. అక్కడ వేడి బయటపడే దారి ఒక్కటే, రేడియేషన్, అంటే కిరణాలుగా వెలువడడం.

[తెరపై: రెండు నల్లటి పలకలు, ఒకటి ఎర్రబడుతూ]

27 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న నల్లటి పలక చదరపు మీటరుకు దాదాపు 460 వాట్ల వేడిని వెదజల్లుతుంది. దాన్నే 327 డిగ్రీలకు తీసుకెళ్లండి, 7,300 వాట్లు దాటుతుంది! కెల్విన్‌లో ఉష్ణోగ్రత (సెల్సియస్‌కు 273 కలిపితే వచ్చేది) 300 నుంచి 600కి, అంటే రెట్టింపే అయింది. వెళ్లే వేడి మాత్రం 16 రెట్లు.

నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే. నేల మీద ఇంజనీర్లు ఇంజన్ చల్లటి కొసను, అంటే మిగిలిన వేడి బయటికెళ్లే వైపును, వీలైనంత చల్లబరుస్తారు. అంతరిక్షంలో దాన్ని కావాలనే వేడిగా ఉంచుతారు. ఆదర్శ ఇంజన్ లెక్క ప్రకారం, చల్లటి కొస ఉష్ణోగ్రత కెల్విన్‌లో వేడి కొసలో (వేడి లోపలికొచ్చే వైపు) 75 శాతం ఉన్నప్పుడు వేడిని వెదజల్లే పలక, అంటే రేడియేటర్, అన్నిటికన్నా చిన్నదవుతుంది. అప్పుడు సామర్థ్యం, అంటే వేడిలో కరెంటుగా మారే వాటా, 25 శాతమే. అయినా సరే, బరువు తగ్గడమే ముఖ్యం. ఇక చల్లటి కొసే అంత వేడిగా ఉంటే, వేడి కొస ఇంకెంత మండాలి?

[తెరపై: వాయేజర్, పక్కకు చాచిన కడ్డీ మీద మూడు జనరేటర్లు]

1977లో బయల్దేరిన వాయేజర్ వ్యోమనౌకలనే చూడండి. ప్లుటోనియం-238 తనంతట తాను క్షీణిస్తూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడి సిలికాన్-జెర్మేనియం జంక్షన్లకు, అంటే ఉష్ణోగ్రత తేడాను కరెంటుగా మార్చే జోడింపులకు, తగులుతుంది. ఒక కొస దాదాపు 1,000 డిగ్రీలు, రెండోది సుమారు 300. ఈ తేడాతోనే కరెంటు పుడుతుంది, కదిలే భాగం ఒక్కటీ లేదు. మూడు జనరేటర్లలో కలిపి 7,000 వాట్లకు పైగా వేడి, బయల్దేరినప్పుడు చేతికొచ్చిన కరెంటు 470 వాట్లు.

అంత వేడిలో ఆ పదార్థమే మెల్లగా ఆవిరైపోతుంది. అందుకే జంక్షన్లకు సిలికాన్ నైట్రైడ్ పూత వేశారు. అయినా ఏటా దాదాపు 4 వాట్లు తగ్గుతూనే ఉంది. కొంత ప్లుటోనియం తరిగి, కొంత జంక్షన్లు క్షీణించి.

[తెరపై: రియాక్టర్ బొమ్మ, సోడియం గొట్టాలు]

ఎక్కువ కరెంటు కావాలంటే అణు రియాక్టరే గతి. 2018లో నెవాడాలో నాసా పరీక్షించిన కిలోపవర్ రియాక్టర్, 800 డిగ్రీల దగ్గర, సోడియం హీట్ పైపులతో (వేడిని మోసుకెళ్లే గొట్టాలు) స్టిర్లింగ్ ఇంజన్లను (వేడికి వ్యాకోచించే వాయువుతో పిస్టన్ కదిలేవి) నడిపింది. ఆ పరీక్ష 28 గంటలు సాగింది. అక్కడ ఇంజన్ ఉంది కాబట్టి జంక్షన్ల కన్నా సామర్థ్యం ఎక్కువే. కానీ కదిలే భాగాలు రిపేరు లేకుండా ఏళ్ల తరబడి తిరగాలి.