పొద్దు ఎక్కడ పొడిచింది?

అందరికీ నమస్కారం.

తెలుగులో పొద్దు అంటే సూర్యుడు. పొద్దు అంటే సమయం కూడా. "పొద్దు పొడిచింది" అన్నప్పుడు సూర్యుణ్ణి చూస్తున్నాం. "చాలా పొద్దుపోయింది" అన్నప్పుడు కాలాన్ని లెక్కపెడుతున్నాం. ఒక్క మాటలో రెండూ ఇమిడిపోవడం నాకు చాలా ఇష్టం. అయితే ఆ మాటలో పైకి కనిపించని సంగతి ఇంకొకటుంది. అది చోటు. తెల్లవారేది ఎప్పుడు, చీకటిపడేది ఎప్పుడు, చంద్రుడు వచ్చేది ఎప్పుడు అని అడుగుతుంటాం. ముందు అడగాల్సింది ఎక్కడ అని. మీరు నా మాట వింటున్న ఈ క్షణంలో కూడా భూమ్మీద ఒకచోట తెల్లవారుతోంది, ఇంకోచోట పొద్దు గుంకుతోంది. సూర్యోదయం రోజుకొకసారి జరిగేది మనకు. భూమికి అది ఎడతెగకుండా జరుగుతూనే ఉంటుంది.

పొద్దు గుంకే వేళ అందరం పడమటివైపే చూస్తాం, ఫోటోలూ అటే తీసుకుంటాం. ఈసారి సూర్యుడు దిగిపోయిన ఐదు పది నిమిషాలకు వెనక్కి తిరిగి తూర్పువైపు చూడండి. ఆకాశం తేటగా ఉండాలి, దూరంగా చెట్లూ మేడలూ అడ్డు రాకూడదు. నేల అంచుని ఆనుకుని బూడిద కలిసిన నీలపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. దాని మీద లేత గులాబి రంగు అంచు. నేను మొదటిసారి చూసినప్పుడు దూరాన మబ్బు పట్టిందనుకున్నాను. కాసేపు చూస్తే ఆ నీలం మెల్లగా పైకి లేచింది. గులాబి రంగు పలచబడి పోయింది. ఇంకాసేపటికి ఆ పట్టీ ఎక్కడ ముగుస్తోందో, ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియకుండా కలిసిపోయింది. అది మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడ్డ ఈ నేల తన నీడను తన గాలి మీదే వేసుకుంటోంది.

చీకటి పైనుంచి కమ్ముకొస్తుందని అనుకుంటాం కదా. అది తూర్పున నేల అంచు నుంచి లేస్తుంది. భూమి వెనక ఆ నీడ మొన తేలిన శంకువులాగా దాదాపు 14 లక్షల కిలోమీటర్ల దూరం సాగుతుంది. చంద్రుడు మనకు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి అప్పుడప్పుడు ఆ నీడలో పడతాడు. అదే చంద్రగ్రహణం. మిగతా రోజుల్లో ఆ నీడలో ఉండేది మనమే. దానికి మనం పెట్టుకున్న పేరు రాత్రి.

ఈ బల్ల మీద ఒక బంతి, ఒక టార్చి ఉన్నాయి. లైట్లు ఒక్క నిమిషం ఆర్పితే బాగా కనిపిస్తుంది. బంతిలో సగం వెలుగు, సగం చీకటి. నడుమ ఒక గీత. ఇప్పుడు బంతిని తిప్పుతున్నాను చూడండి. గీత కదలదు, బంతి మీద నేను గుచ్చిన గుండుసూది దాని కిందికి వచ్చి దాటిపోతుంది. ఆ సూది మనం. గీతను ఒకవైపు దాటితే తెల్లవారింది అంటాం, రెండోవైపు దాటితే సందె పడింది అంటాం.

భూమధ్యరేఖ మీద నిలబడ్డ మనిషిని భూమి గంటకు దాదాపు 1,670 కిలోమీటర్ల వేగంతో ఈ గీత కిందికి తీసుకుపోతుంది. ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ వేగం తగ్గుతుంది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అది సరిగ్గా సగం, 835 కిలోమీటర్లు. మామూలు ప్రయాణికుల విమానం అంతకంటే కాస్త వేగంగానే పోగలదు. అక్కడ పడమటి దిక్కుగా ఎగిరితే కిటికీలో సూర్యాస్తమయం గంటల తరబడి అలాగే నిలిచిపోతుంది. ధ్రువానికి 19 కిలోమీటర్ల దూరంలో భూమి చుట్టుకొలత 120 కిలోమీటర్లే. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున పడమటికి నడిచే మనిషికి అక్కడ పొద్దు కదలదు. కాలినడకన పొద్దును ఆపగల చోటు భూమ్మీద ఉందని తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఒకే క్షణంలో ఒక్కోచోట ఒక్కో సమయం ఉంటుందన్న సంగతిని పదిహేను వందల ఏళ్ళ కిందట ఆర్యభటుడు నాలుగు ఊళ్ళతో చెప్పాడు. భూమి చుట్టూ సమదూరంలో నాలుగు చోట్లు అనుకోమన్నాడు. లంకలో సూర్యోదయమైనప్పుడు యవకోటిలో మిట్టమధ్యాహ్నం, సిద్ధపురంలో సూర్యాస్తమయం, రోమక దేశంలో అర్ధరాత్రి. క్రీ.శ. 499 నాటి మాట ఇది. ఆ నాలుగు ఊళ్ళలో ఏదీ మిగతావాటి కంటే గొప్పది కాదు. నాలుగు సమయాలూ ఒకే క్షణంలో నిజం. పడవలో ముందుకు పోతున్నవాడికి ఒడ్డు వెనక్కి పోతున్నట్టు కనిపించినట్టే, కదలని నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకు కనిపిస్తాయని చెప్పింది కూడా ఆయనే.

బంతి నిట్టనిలువుగా తిరిగితే కథ ఇక్కడితో అయిపోయేది. అన్నిచోట్లా పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల రాత్రి. కానీ భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఎండాకాలం ఆ ఒరుగు వల్ల వస్తుంది, కానీ సూర్యుడు దగ్గరగా వచ్చినందువల్ల వస్తుందని చాలామంది అనుకుంటారు. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ఉత్తర అర్ధగోళానికి అప్పుడు నడి చలికాలం.

ఏ క్షణంలో చూసినా భూమ్మీద ఒకే ఒక్కచోట సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అక్కడ నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఆ చోటు రోజంతా పడమటికి పరుగెడుతూ, ఏడాదిలో కర్కటరేఖకూ మకరరేఖకూ మధ్య ఊగుతుంది. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే విషువత్తు రోజుల దగ్గర అది రోజుకు దాదాపు 44 కిలోమీటర్లు ఉత్తరానికో దక్షిణానికో జరుగుతుంది. జూన్ 21, డిసెంబరు 21 ప్రాంతాల్లో ఇంచుమించు ఆగిపోతుంది. అందుకే మార్చిలో పగలు చకచకా పెరుగుతుంటే తెలుస్తుంది, జూన్‌లో ఏ మార్పూ తెలియదు. ఆ రెండు రేఖలకు అవతల ఉన్నవాళ్ళకు సూర్యుడు జీవితంలో ఒక్కసారి కూడా నడినెత్తికి రాడు.

నార్వేలోని ట్రోమ్సో ఊరు దాదాపు 70 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్కడ మే 20 ప్రాంతం నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. నవంబరు చివరి నుంచి జనవరి సగం దాకా ఉదయించడు. ఆ రెండు నెలలూ కటిక చీకటి అనుకోకండి, మధ్యాహ్నం వేళ కొన్ని గంటలపాటు సందెవెలుగు ఉంటుంది. సందెవెలుగు కూడా చోటును బట్టే. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు నిలువుగా దిగిపోతాడు కాబట్టి ఇరవై నిమిషాలు దాటేసరికి ఆరుబయట అక్షరాలు కనిపించవు. ఉత్తరానికి పోయేకొద్దీ ఏటవాలుగా, తీరిగ్గా దిగుతాడు. సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి పోతేగాని పూర్తి చీకటి కాదని ఖగోళ శాస్త్రజ్ఞుల లెక్క. ఆ లెక్కన పారిస్‌లో జూన్ 21 రాత్రి అసలు రాత్రే కాదు.

ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. సూర్యబింబం కింది అంచు దిగంతాన్ని తాకుతూ కనిపించేటప్పటికి సూర్యుడు నిజానికి దాదాపు పూర్తిగా కిందికి దిగిపోయి ఉంటాడు. దిగంతం దగ్గర గాలి వెలుగును అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువే వంచుతుంది. సూర్యబింబం వెడల్పు కూడా సుమారు అర డిగ్రీయే. నిండుగా, ఎర్రగా ఎదురుగా కనిపిస్తున్న ఆ బింబం గాలి ఎత్తి చూపిస్తున్నది. విషువత్తు రోజున కూడా పగలు పన్నెండు గంటలకు కొన్ని నిమిషాలు ఎక్కువ ఉండడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక చంద్రుడు. దక్షిణ అర్ధగోళంలో బాగా కిందికి ఉండే మిత్రుడితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడుతున్నాను. ఇద్దరికీ చంద్రుడు కనిపిస్తున్నాడు. "సగం చంద్రుడు, కుడివైపు వెలుగు" అన్నాను. "సగమే, కానీ ఎడమవైపు వెలుగు" అన్నాడు. ఇద్దరిలో ఎవరూ పొరబడలేదు. చంద్రుడి కళ ఒక క్షణంలో లోకమంతటికీ ఒక్కటే. అష్టమి అందరికీ అష్టమే. తలకిందులైంది చంద్రుడు కాదు, మేమిద్దరం. భూమికి అటూ ఇటూ నిలబడ్డవాళ్ళకు పైకీ కిందికీ ఒకటి కావు. భూమధ్యరేఖ దగ్గర నెలవంక పడవలాగా వెల్లకిలా పడుకుని ఉంటుంది. అంతేకాదు, భూమికి చెరొక అంచున నిలబడ్డ ఇద్దరికి చంద్రుడు ఒకే నక్షత్రాల మధ్య కనిపించడు. తేడా దాదాపు రెండు డిగ్రీల దాకా ఉంటుంది, అంటే చంద్రబింబాలు నాలుగు పక్కపక్కన పెట్టినంత. ఆ తేడాతోనే పూర్వీకులు చంద్రుడి దూరం లెక్కగట్టారు.

చంద్రుడు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడని మీకు తెలిసిందే. నన్ను ఎక్కువగా కదిలించేది ధ్రువం దగ్గరి చంద్రుడు. ఉత్తర ధ్రువంలో డిసెంబరు ఊహించుకోండి. సూర్యుడు మూడు నెలలుగా లేడు. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడి పక్కనే ఉంటాడు కాబట్టి అతనూ దిగంతం కిందే. శుక్ల అష్టమి ప్రాంతంలో ఉదయిస్తాడు. ఇక అస్తమించడు. ఆకాశం చుట్టూ తిరుగుతూ, మెల్లగా పైకెక్కుతూ, పౌర్ణమికి అన్నిటికంటే ఎత్తుకు చేరి, మళ్ళీ దిగుతూ కృష్ణ అష్టమి ప్రాంతంలో అస్తమిస్తాడు. అంటే పొద్దులేని ఆ చీకట్లో చంద్రుడు కనిపించే రెండు వారాలూ అతను నిండుగా ఉండే రెండు వారాలే. సన్నని నెలవంక ఒక్కటి కూడా కనిపించదు. జూన్‌లో ఇది పూర్తిగా తిరగబడుతుంది, అక్కడ పౌర్ణమి చంద్రుడు కనిపించడు. మిగతా చోట్ల కూడా చలికాలపు పున్నమి నెత్తిమీదికి ఎక్కి వస్తుంది, ఎండాకాలపు పున్నమి కిందుగా జారిపోతుంది. పౌర్ణమి చంద్రుడు ఎప్పుడూ సూర్యుడికి ఎదురు కదా.

చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు ఒరిగి ఉంది, ఆ ఒంపు కూడా 18.6 ఏళ్ళకొకసారి చుట్టు తిరుగుతుంది. 2024, 2025 సంవత్సరాల్లో చంద్రుడు 28.5 డిగ్రీల ఉత్తరం దాకా వెళ్ళాడు. అంటే సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాని కొన్ని చోట్లకు చంద్రుడు వచ్చాడు.

చోటు మారితే గంట మారుతుంది, మరీ దూరం పోతే తేదీ కూడా మారుతుంది. మాగెల్లాన్ నౌకాదళంలో మిగిలిన ఒకే ఒక్క ఓడ పడమటి దారిన భూమిని చుట్టి, 1522 జూలైలో కేప్ వర్డీ దీవులకు చేరింది. ఓడ లెక్క ప్రకారం ఆ రోజు బుధవారం. ఒడ్డున ఉన్నవాళ్ళు గురువారం అన్నారు. ఆ ఓడలో రోజూ డైరీ రాసుకున్న పిగఫెట్టా ఒక్క రోజు కూడా వదల్లేదు. మూడేళ్ళపాటు పొద్దుతోపాటు పడమటికి పోతూ ప్రతి రోజునూ కొంచెం కొంచెం సాగదీసుకున్నారు, చివరికి ఒక సూర్యోదయం తక్కువైంది. ఇప్పుడు పసిఫిక్ సముద్రం మీదుగా గీసుకున్న డేట్ లైన్, అంటే తేదీ మారే గీత, ఆ లెక్క చూసుకుంటోంది. గ్రీనిచ్‌లో 2వ తేదీ ఉదయం పదిన్నర అయినప్పుడు కిరిబాటి తూర్పు దీవుల్లో అప్పటికే 3వ తేదీ మొదలైంది. అదే సముద్రంలో ఉన్న బేకర్ దీవి దగ్గర ఇంకా 1వ తేదీ రాత్రే.

మీలో ఓపిక ఉన్నవాళ్ళకు ఒక పని. ఎండ పడే చోట ఒక కర్ర నిటారుగా పాతండి. వారానికొకసారి, గడియారంలో సరిగ్గా ఒకే సమయానికి, నీడ కొస ఎక్కడుందో అక్కడ చిన్న రాయి పెట్టండి. రాళ్ళు ఒకే గీతలో వస్తాయనుకుంటారు. రావు. నవంబరు మొదట్లో సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు. ఏడాది తిరిగేసరికి మీ రాళ్ళు 8 అంకె ఆకారంలో, ఒక సున్నా చిన్నగా, ఇంకోటి పెద్దగా పేరుకుంటాయి. వానాకాలంలో కొన్ని రాళ్ళు తప్పిపోతాయి, ఫరవాలేదు, మరుసటి ఏడాది అదే వారంలో ఆ ఖాళీ పూరించుకోవచ్చు. నీడ అక్కడికే మళ్ళీ వస్తుంది.