తిత్లీ తుపానుకు పడిపోయిన తోటలో మళ్లీ కొబ్బరి నాటుదాం

నమస్కారం. గునపం, పార, మొక్క అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. కానీ గొయ్యి తవ్వే ముందు ఈ కాగితం చూడండి. పెన్సిలుతో గీసిన ఈ గుండ్రాలు మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక తోటలో ఉండిన చెట్లు. అడ్డంగా కొట్టేసినవి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పోయినవి.

ఆ రోజు తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. తెల్లారి బయటికి వస్తే, ఎన్నడూ కనిపించని పక్క ఊరి గుడి గోపురం మా వీధిలోంచి కనిపించింది. మధ్యలో ఉన్న తోటలు లేవు మరి.

ఈ పటం గీసింది నేను కాదు. ఊళ్లో పెద్దవాళ్లు నాలుగు సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, వాదులాడుకుంటూ గీయించారు. ఏ చెట్టు గెల నిండుగా వేసేది, ఏ మూల తుపానుకు ముందే చెట్లు ఎండిపోయేవి, వాన నీరు ఎక్కడ నిలిచేది, అన్నీ చెప్పారు. మీరూ ముందు ఈ పని చేయండి. నీరు నిలిచే చోట గొయ్యి తవ్వితే మొక్కా పోతుంది, ఏడాదీ పోతుంది.

ఇక ఈ మొద్దు. పడిన చెట్టును ఇలా కుళ్లనిస్తే కొమ్ము పురుగు ఇందులోనే గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు పెద్దదయ్యాక మొవ్వులోకి, అంటే చెట్టు తలలోని లేత చిగురులోకి, దూరి తొలుస్తుంది. తర్వాత విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు ఉంటుంది. ఒకపక్క పాత మొద్దులు పెట్టుకుని మరోపక్క కొత్త మొక్క నాటడం దొంగకు ఇంట్లో పక్క వేసినట్టే. ముందు మొద్దులు తీసేయండి.

విత్తనం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఇక్కడే చాలామంది తొందరపడతారు. గాలికి నిలిచిన చెట్టల్లా తల్లి చెట్టు కాదు, కొన్ని గోడ చాటున బతికిపోయాయి. వయసు ఇరవై ఏళ్లు దాటి, తల నిండా ముప్పైకి పైగా మట్టలతో, ఏటా 80 కాయలకు తగ్గకుండా ఇచ్చే చెట్టును ఎంచుకోండి. పటం చూస్తే అలాంటి చెట్టు ఎక్కడుందో తెలుస్తుంది. 11, 12 నెలలు ముదిరిన కాయనే నారుమడిలో పెట్టాలి. అందులో తొందరగా మొలకెత్తి, మొదలు లావుగా, ఏడాదికి ఆరెనిమిది ఆకులు వేసినదాన్నే తోటకు తెచ్చుకోండి. సన్నగా సాగినదాన్ని జాలిపడి తెచ్చుకోవద్దు. నేను తెచ్చాను, ఇప్పటికీ గెల లేదు.

ఇదిగో గొయ్యి. పొడవు, వెడల్పు, లోతు మూడూ ఒక్కో మీటరు. మొక్కకూ మొక్కకూ ఎనిమిది మీటర్లు, అంటే సుమారు 26 అడుగులు. దగ్గరగా వేస్తే ఎండ కోసం పోటీపడి సన్నగా పొడుగవుతాయి. మాది ఇసుక నేల, తడి ఎక్కువ రోజులు ఉండదు. అందుకే అడుగున కొబ్బరి డొక్కలు, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కలు, రెండు వరుసలు, లోపలి వైపు పైకి ఉండేలా పరుస్తున్నాను. తడి పట్టి ఉంచుతాయి. వాటిపై పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి సగానికి పైగా నింపాలి. ఇప్పుడు నడిమధ్యలో కాయ మునిగేంత చిన్న గుంత తీసి మొక్కను నిలబెట్టండి. మట్టిని కాలితో గట్టిగా అదమండి. మొదలు మాత్రం మట్టిలో కూరుకుపోకూడదు. కాయ పైభాగం కనీకనపడకుండా ఉంటే చాలు.

గాలి ఎటు వీస్తుందో చూసి పక్కనే ఒక కర్ర పాతి, మొక్కను వదులుగా కట్టండి. బిగించి కడితే తాడే కోసేస్తుంది. అల్లిన మట్టతో పడమటి ఎండకు నీడ పెట్టండి. మొక్క కాస్త ఎదిగాక పై మూడు ఆకుల మొదళ్లలో వేపపిండి, ఇసుక కలిపి వేయండి, కొమ్ము పురుగు బెడద తగ్గుతుంది.

దేశవాళీ పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడు ఏళ్లు పడుతుంది. అంతవరకు ఈ ఖాళీల్లో అరటి, మునగ వేసుకుంటే చేతికి కొంత డబ్బు వస్తుంది. తుపాను మరుసటి ఏడాది నాటిన మా మొక్కల్లో కొన్నింటికి ఇప్పుడే గెలలు వస్తున్నాయి.

ఒక్క నిమిషం, పెన్సిలు ఇవ్వండి. ఈ కొట్టేసిన గుండ్రం పక్కనే ఇంకో గుండ్రం గీస్తాను. ఈ రోజు తేదీ కూడా వేయాలి. సరే, చెంబు ఇటు అందించండి, నీళ్లు పోద్దాం.