గుంపులో సర్వర్ ల్యాగ్: ఏ గేమ్ చేసిన మందు పనిచేసింది?

అందరికీ నమస్తే. ఈరోజు రివ్యూ ఒక గేమ్‌ది కాదు, ఒకే జబ్బుకి వేర్వేరు గేమ్‌లు చేసిన వైద్యానిది. వరల్డ్ బాస్, అంటే అందరూ కలిసి కొట్టే పెద్ద శత్రువు, దగ్గర వందల మంది పోగయ్యాక మీరు స్కిల్ నొక్కితే అది రెండు మూడు సెకన్లకి గానీ పడదు చూడండి, ఆ ల్యాగ్ గురించి.

ముందు అది సర్వర్ ల్యాగేనా కాదా తేల్చుకోండి. కెమెరా తిప్పినప్పుడు స్క్రీన్ ఆగి ఆగి కదిలితే అది ఎఫ్‌పీఎస్ డ్రాప్, అంటే సెకనుకి గీసే బొమ్మల సంఖ్య పడిపోవడం, మీ కంప్యూటర్ మోయలేకపోతోందన్నమాట, చుట్టూ కనిపించే ప్లేయర్ల సంఖ్య, నీడలు, ఎఫెక్ట్స్ తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కెమెరా సాఫీగా తిరుగుతూ, మీ దెబ్బ మాత్రం ఆలస్యంగా తగులుతూ, చుట్టుపక్కల అందరిదీ అదే పరిస్థితైతే తప్పు సర్వర్‌ది. అప్పుడు కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినా ఏమీ మారదు.

ఎందుకో లెక్క చూడండి. ఒకచోట 100 మంది ఉంటే ఒక్కొక్కరి కదలికా మిగతా 99 మందికి చేరాలి, అంటే ఒక్క అప్‌డేట్‌కి 9,900 సమాచారాలు. 200 మంది అయితే 39,800. జనం రెట్టింపైతే పని దాదాపు నాలుగింతలు! పైగా చాలా గేమ్‌లలో ఒక ఏరియా లెక్కంతా ఒకే ప్రాసెస్ మీద నడుస్తుంది కాబట్టి పక్కన ఇంకో పది మెషీన్లు పెట్టినా దాని బరువు దిగదు.

2019లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ లేయరింగ్ వాడింది, అంటే ఒకే ప్రపంచానికి కాపీలు చేసి జనాన్ని పంచేయడం. లాంచ్ రోజుల రద్దీకి ఇది బాగానే పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడే ఉన్నానంటున్న ఫ్రెండ్ మన పార్టీలోకి (జట్టులోకి) వచ్చేదాకా కనిపించకపోవడం, తరుముతున్న శత్రువు ఇంకో లేయర్‌లోకి మాయమైపోవడం నాకు అస్సలు నచ్చదు. జనం కోసమే కదా మనం ఆన్‌లైన్‌లో ఆడేది, ల్యాగ్ పోవాలని జనాన్నే తీసేస్తే ఎలా?

గిల్డ్ వార్స్ 2 మొదట్లో కల్లింగ్ వాడింది, గుంపులో కొందరిని మన స్క్రీన్‌కి పంపడమే మానేసింది. దాంతో పెద్ద యుద్ధాల్లో కనిపించని సైన్యం వచ్చి కొట్టి పోయేది. 2013లో అక్కడ దాన్ని తీసేసి, ఎంతమంది మోడల్స్ చూపించాలో సెట్టింగ్స్‌లో మనకే వదిలేశారు, అది సరైన నిర్ణయం.

నాకు బాగా నచ్చింది ఈవ్ ఆన్‌లైన్ టైమ్ డైలేషన్. సర్వర్ మీద భారం పెరిగితే ఆ ప్రాంతంలో ఆట కాలాన్నే నెమ్మది చేస్తారు, అవసరమైతే మామూలు వేగంలో 10 శాతం దాకా. 2014 జనవరిలో బీ-ఆర్5ఆర్‌బీ అనే సిస్టమ్‌లో (ఆటలోని ఒక నక్షత్ర మండలంలో) వేల మంది దిగిన యుద్ధం దాదాపు 21 గంటలు అలాగే నడిచింది! విసుగే, కానీ నెమ్మది అందరికీ సమానం, మీ ఆర్డర్ మధ్యలో గల్లంతయ్యే అవకాశం తగ్గుతుంది. లోపం ఏమిటంటే బయటి సిస్టమ్‌లలో కాలం మామూలుగానే నడుస్తుంది, కాబట్టి ఎక్కడో దూరంలో ఉన్న సాయం కూడా యుద్ధం తేలకముందే వచ్చి వాలుతుంది. ఇక డాడ్జ్ చేస్తూ (దెబ్బ తప్పించుకుంటూ) ఆడే యాక్షన్ గేమ్‌కి ఈ పద్ధతి అస్సలు నప్పదు.

అలాంటి గేమ్‌లకి నేను కోరేది దూరాన్ని బట్టి అప్‌డేట్ పంపడం. మీ ముందున్నవాడి కదలిక సెకనుకి 20 సార్లు రావాలి, మైదానం అవతల ఉన్నవాడిది రెండుసార్లు వచ్చినా చాలు. జనం అలాగే ఉంటారు, బరువు తగ్గుతుంది. దీన్ని సరిగ్గా చేసిన గేమ్‌కి నేను కళ్ళు మూసుకుని ఎక్కువ మార్కులు వేస్తాను.

సొంతంగా మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడిపేవాళ్ళకి ఒక మాట. అందులో సెకనుకి 20 టిక్‌లు (సర్వర్ ఆటని ఒక్కో అడుగు ముందుకు నడిపే లెక్కలు), ఒక్కో టిక్ పని 50 మిల్లీసెకన్లలో అయిపోవాలి. 1.18 వెర్షన్ నుంచి సిమ్యులేషన్ డిస్టెన్స్ (ప్లేయర్ చుట్టూ ఎంత దూరం వరకు ఆట నడవాలి), వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం వరకు కనిపించాలి) వేరువేరు. చూపు దూరాన్ని ముట్టుకోకుండా ముందు సిమ్యులేషన్ దూరం తగ్గించండి, అప్పటికీ టిక్ ఆలస్యమవుతుంటే స్పాన్ (ప్లేయర్లు ఆటలోకి దిగే చోటు) దగ్గర గుంపుగా పెంచిన మాబ్‌లను, అంటే ఆటలోని జంతువులు, రాక్షసులను తగ్గించండి.