చేతులు వణికేవాడు పెద్ద మ్యాచ్‌కు పనికిరాడన్నది పచ్చి అబద్ధం!

ప్రేక్షక మిత్రులారా, ఆందోళన పడే స్వభావం ఉన్నవాడు కీలక సమయంలో చేతులెత్తేస్తాడని అమెరికా కళాశాల క్రీడల గురించి మాట్లాడేవారు ఇప్పటికీ అంటుంటే నాకు ఒళ్లు మండుతోంది. ఆ మాట పచ్చి అబద్ధమని నిరూపించడానికి వర్జీనియా విశ్వవిద్యాలయ జట్టు బాస్కెట్‌బాల్ ఆటగాడు కైల్ గై ఒక్కడు చాలు.

2018 మార్చిలో జరిగిన పరాభవం మీకు తెలిసిందే. అమెరికా కళాశాలల క్రీడా సంఘం ఎన్‌సీఏఏ నిర్వహించే పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో, అప్పటివరకు పదహారో సీడు (బలాన్ని బట్టి ఇచ్చే ర్యాంకుల్లో అట్టడుగు) జట్లపై 135 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడని ఒకటో సీడు చరిత్రను వర్జీనియా చెరిపేసి, యూఎంబీసీ (మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం, బాల్టిమోర్ కౌంటీ) చేతిలో 74–54తో చిత్తయింది. ఆ జట్టులోని గై తనను ఆందోళన వేధిస్తోందని దాచకుండా చెప్పుకున్నాడు. ఈ కుర్రాళ్లకు గుండె నిబ్బరం లేదని విమర్శకులు తీర్పు చెప్పేశారు.

మరుసటి ఏడాది ఏప్రిల్ 6న, మినియాపొలిస్‌లో ఆబర్న్‌తో జరిగిన సెమీఫైనల్లో, 0.6 సెకన్లు మిగిలి ఉండగా, రెండు పాయింట్లు వెనుకబడిన వర్జీనియా కోసం మూడు ఫ్రీ త్రోలు (ఫౌలుకు బదులుగా ఎవరూ అడ్డులేకుండా వేసే, ఒక్కోదానికి ఒక పాయింటు వచ్చే షాట్లు) వేయడానికి నిలబడినవాడు ఆ గైయే. ఆ ఫౌలు సరైనదా కాదా అన్న రభసను పక్కన పెట్టండి. ఫౌలు ఇచ్చింది రిఫరీ, బంతిని బుట్టలో వేసింది గై. రెండు పడి స్కోరు సమం కాగానే ఆబర్న్ టైమ్‌అవుట్ తీసుకుంది. అయినా మూడోదీ పడింది, 63–62తో వర్జీనియా గెలిచింది. ఫైనల్లో టెక్సాస్ టెక్‌పై 24 పాయింట్లు సాధించి జట్టుకు టైటిల్ అందించింది కూడా అతడే.

ఏడాదిలో మనిషి స్వభావం మారిపోతుందా? ఆందోళన పడే స్వభావం వేరనీ, ఆ క్షణంలో కలిగే ఆందోళన వేరనీ మనస్తత్వవేత్త స్పీల్‌బెర్గర్ 1970 నాటి ప్రశ్నావళిలోనే విడదీసి చూపించాడు. నా సిద్ధాంతం ఏమిటంటే, ఫలితాన్ని తేల్చేది స్వభావం కన్నా ఆ క్షణంలో మనసు దేనిపై ఉందన్న విషయమే. 1924లో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మిషిగన్‌పై మొదటి 12 నిమిషాల్లో నాలుగు టచ్‌డౌన్లు చేసిన ఇల్లినాయ్ విద్యార్థి రెడ్ గ్రేంజ్, మనస్తత్వవేత్త కోల్‌మన్ గ్రిఫిత్ అడిగితే వాటి వివరం ఒక్కటీ చెప్పలేకపోయాడు. చేతికి అలవాటైన పనిలో మనసు వేలు పెట్టకపోతే ఆట అలా సాగుతుంది!

ఈ స్థితిని సాధనతో తెచ్చుకోవచ్చు. మనస్తత్వ పరిశోధకులు బైలాక్, కార్ 2001లో ప్రచురించిన గోల్ఫ్ ప్రయోగాల్లో, కెమెరా తమను చిత్రీకరిస్తుండగా సాధన చేసినవారు ఆ తర్వాత ఒత్తిడిలో తడబడలేదు. కాబట్టి వ్యక్తిత్వ పరీక్షల మార్కులు చూసి ఆటగాళ్లను ఏరివేసే శిక్షకులారా, ముందు మీ సాధన గదుల్లోకి కెమెరాలనూ, కేకలనూ, చివరి సెకను గడియారాన్నీ తీసుకురండి.