న్యూజెర్సీ ఇచ్చిన ఓటు, లాక్కున్న ఓటు

అందరికీ నమస్కారం.

అమెరికాలో ఓటు హక్కు గురించి అడిగితే చాలామంది ఒక వరస చెబుతారు. మొదట ఆస్తి ఉన్న తెల్ల మగవాళ్లు, తర్వాత పేద తెల్లవాళ్లు, 1870లో నల్లజాతి పురుషులు, 1920లో స్త్రీలు. మన తెలుగువాళ్లు ఇంతమంది స్థిరపడిన ఈ న్యూజెర్సీ చరిత్ర చూస్తే ఆ వరస నిలబడదు.

1776 జులై 2న న్యూజెర్సీ సొంత రాజ్యాంగం ఆమోదించుకుంది. వయసొచ్చి, కౌంటీలో ఏడాదిగా ఉంటూ, యాభై పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరూ ఓటర్లే అంది. మగా ఆడా అనలేదు, తెలుపూ నలుపూ అనలేదు. అది పొరపాటున అలా పడిందనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. 1790లో ఏడు కౌంటీలకు చేసిన ఎన్నికల చట్టంలో ఓటరును ‘అతడు లేదా ఆమె’ అని స్పష్టంగా రాశారు. 1797లో ఆ పద్ధతినే రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. తెలిసే చేశారు.

అలాగని ఆడవాళ్లందరికీ ఓటు దక్కలేదు. పెళ్లయితే భార్య సొమ్ము చట్టం దృష్టిలో భర్తదే. అందుకే యాభై పౌండ్లు తన పేర చూపించగలిగింది ముఖ్యంగా వితంతువులు, పెళ్లికానివాళ్లు. బానిసత్వంలో ఉన్నవాళ్లకు ఆ మాటే లేదు. అయినా మాంట్‌గోమరీ టౌన్‌షిప్‌లో 1801 నాటి ఓటర్ల జాబితా దొరికితే, అందులో పదుల సంఖ్యలో ఆడవాళ్ల పేర్లున్నాయి. మగవాళ్ల పేర్ల మధ్యనే, అదే వరసలో.

మిగతా రాష్ట్రాల సంగతి వేరు. 1787 నాటి అమెరికా దేశ రాజ్యాంగం ఓటరు ఎవరనేది రాష్ట్రాలకే వదిలేసింది. వర్జీనియాలో భూమి ఉండాలి, పెన్సిల్వేనియాలో పన్ను కడితే చాలు.

ఇక 1807. ఎసెక్స్ కౌంటీ కోర్టు భవనం నూవర్క్‌లో కట్టాలా, ఎలిజబెత్‌టౌన్ దగ్గర కట్టాలా అని ఓటింగ్ పెట్టారు. దొంగ ఓట్లు కుప్పలుగా పడ్డాయి. మగవాళ్లు ఆడవేషాలు వేసుకుని మళ్లీ మళ్లీ ఓటేశారని ఆరోపణలొచ్చాయి. ఆ ఫలితం రద్దయింది. శిక్ష మాత్రం ఆడవాళ్లకు, నల్లవాళ్లకు పడింది. ఆ నవంబరులో చేసిన చట్టం ఓటును స్వేచ్ఛ గల తెల్ల పురుష పౌరులకే పరిమితం చేసింది. ముందుండి దాన్ని నడిపిన శాసనసభ్యుడు జాన్ కాండిక్ట్‌ను, 1797లో ఎలిజబెత్‌టౌన్ ఆడవాళ్లు ప్రత్యర్థికి ఓట్లేసి దాదాపు ఓడించినంత పని చేశారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. అదే చట్టం పన్ను కట్టే తెల్ల మగవాడికి యాభై పౌండ్ల షరతు లేకుండా చేసింది. ఒకరికి తలుపు తెరిచిన చేతులే ఇంకొకరికి మూశాయి. 1821లో న్యూయార్క్ తెల్లవాళ్లకు ఆస్తి షరతు తీసేసి, నల్లవాళ్లకు 250 డాలర్ల ఆస్తి ఉండాలంది. 1838లో పెన్సిల్వేనియా నల్లవాళ్ల ఓటు పూర్తిగా తీసేసింది. దీన్ని ప్రజాస్వామ్యం విస్తరించిన కాలమని మాత్రమే చదువుకుంటే, ఓటు పోగొట్టుకున్న మనుషులు మన లెక్కలోకే రారు.

పోగొట్టుకున్నవాళ్లు ఊరుకోలేదు. 1868లో న్యూజెర్సీలోనే ఉన్న వైన్‌ల్యాండ్‌లో 172 మంది స్త్రీలు పోలింగ్ దగ్గరికి వెళ్లి, వేరే పెట్టెలో ఓట్లు వేశారు. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. 1870 మార్చి 31న ఎడిసన్ పక్కనే ఉన్న పెర్త్ ఆంబాయ్‌లో థామస్ మండీ పీటర్సన్ అనే నల్లజాతి పౌరుడు ఓటేశాడు. జాతి, రంగు చూసి ఓటు కాదనకూడదన్న రాజ్యాంగ పదిహేనో సవరణ కింద దేశంలో మొదటి ఓటు ఆయనదేనంటారు. స్త్రీలు ఇంకా ఆగాల్సి వచ్చింది. 1915లో న్యూజెర్సీ మగవాళ్లు వాళ్లకు ఓటు వద్దని ఓటేశారు. 1807లో పోయింది వాళ్ల చేతికి తిరిగొచ్చేసరికి 1920 అయింది.