పాత సూటీ బొమ్మను శుభ్రపరిచే విధానం: చెవుల నలుపు చెదరకుండా

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ పసుపుపచ్చని ఎలుగుబంటి పిల్ల పేరు సూటీ. బ్రిటన్‌లో పిల్లల టెలివిజన్ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న ఈ పాత్రను బర్మింగ్‌హామ్‌లోని హార్బోర్న్‌కు చెందిన చాడ్ వ్యాలీ కంపెనీ 1950లలో చేతికి తొడుక్కునే ఆటబొమ్మగా తయారుచేసింది. అలాంటి పాత బొమ్మను పాడుచేయకుండా ఎలా శుభ్రపరచాలో ఇప్పుడు చేసి చూపిస్తాను.

ముందుగా చెవుల సంగతి చెప్పాలి. హ్యారీ కార్బెట్ అనే ఇంద్రజాలికుడు 1948లో బ్లాక్‌పూల్ అనే సముద్రతీర పట్టణంలో, సముద్రంలోకి వంతెనలా కట్టిన నార్త్ పియర్ మీద, ఒక ఎలుగుబంటి బొమ్మను ఏడు షిల్లింగుల ఆరు పెన్నీలకు కొన్నాడు. 1952లో అది బీబీసీ తెరకెక్కింది. ఆనాటి నలుపు తెలుపు తెర మీద బొమ్మ స్పష్టంగా కనిపించడం కోసం అతడు దాని చెవులకూ ముక్కుకూ మసి పూశాడు. మసిని ఇంగ్లిషులో సూట్ అంటారు, సూటీ అన్న పేరు ఆ మసి నుంచే వచ్చింది. మన భాషలో మసిగాడు అనుకోవచ్చు. కనుక ఈ బొమ్మకు చెవుల నలుపే ఆనవాలు. దానిని పోగొట్టుకొని బొమ్మను తళతళలాడించడం నా దృష్టిలో శుభ్రపరచడం కాదు.

అందుకే మొదటి పని పరీక్ష. తెల్లని నూలుగుడ్డను తడిపి, గట్టిగా పిండి, చెవి వెనుక భాగాన అర నిమిషం అద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటితే ఆ చెవికి ఇక తడి తగలనివ్వకండి. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

మిగిలిన ఒంటి మీద కూడా ముందు పొడి కుంచెతోనే, నూగు వాలిన దిశలో దులపాలి. తరువాత గోరువెచ్చని నీటిలో కొద్దిగా తేలికపాటి ద్రవ సబ్బు వేసి గిలకొట్టి, పైకి వచ్చిన నురుగును మాత్రమే గుడ్డతో తీసుకొని, అరచేయంత మేర చొప్పున అద్దుతూ, వెంటనే మంచినీటి గుడ్డతో తుడవాలి. పట్టుబట్టలకు మనం వాడే కుంకుడురసం ఇక్కడ వద్దు, ఎందుకంటే దాని రంగు లేత నూగుకు పట్టవచ్చు. బొమ్మను నీటిలో ముంచడం అసలే కూడదు. తలలో కూరిన సరుకు తడిస్తే లోపల ఆరదు, బూజు పడుతుంది.

ఆరబెట్టేటప్పుడు లోపల తెల్లగుడ్డను చుట్టగా పెట్టి నీడలో ఉంచండి. ఎండ రంగును వెలిసేలా చేస్తుంది.

ఇప్పుడు కుట్లు చూద్దాం. సూటీ తెర మీద పైకి మాట్లాడేవాడు కాదు, హ్యారీ చెవిలో గుసగుసలాడేవాడు. అందువల్ల అతని సంతోషం, అలక, అల్లరి అన్నీ వేళ్ల కదలికలోనే తెలిసేవి. చూపుడువేలు తలలోనూ, బొటనవేలు, మధ్యవేలు రెండు చేతులలోనూ ఉంటాయి కనుక ఆడించేటప్పుడు చంకల దగ్గరి కుట్ల మీదే ఎక్కువ లాగుడు పడుతుంది. అక్కడ ఊడి ఉంటే సన్నని సూదితో, అదే రంగు నూలుదారంతో, పాత సూదిరంధ్రాల గుండానే కుట్టండి. దారం బిగించి లాగితే పాత బట్ట చిరుగుతుంది.

పురుగు పట్టిందన్న అనుమానముంటే, పూర్తిగా ఆరిన బొమ్మను గాలి చొరని సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 వారాలు ఉంచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకండి. తొందరపడితే చెమ్మ పట్టి, ఇంతసేపు కాపాడుకొన్న చెవుల రంగు పక్కకు పాకే ప్రమాదం ఉంది.